హాలుకి తాళం వేసిన ఎల్వా

పర్ర మీద ఎలా నడవాలో ఎల్వా థర్లోని చూసి నేర్చుకోవాలని హెరిక్ పాయింట్‌లో అందరూ అనేవాళ్లు. పాటుకి సముద్రం వెనక్కి తగ్గాక బయటపడే ఆ బురదలో కొత్తవాళ్లు మోకాళ్ల దాకా దిగబడిపోయి, ఒక బూటు బురదకే సమర్పించుకుని, ఒంటికాలి మీద గెంతుకుంటూ ఒడ్డుకి వస్తారు. ఎల్వా మాత్రం వంటింట్లోంచి పెరట్లోకి వెళ్తున్నంత నింపాదిగా నడిచిపోయేది. నడుం దగ్గర రెండుగా వంగి, పొట్టి పిడి ఉన్న పళ్ల పారతో బురదని తన వైపు తిరగేసి, బయటపడ్డ గుల్లల్ని ఎడం చేత్తో ఏరి చెక్కబుట్టలో పడేసేది. పోటు మళ్లీ కాళ్ల దగ్గరికి వచ్చేదాకా నడుం ఎత్తేది కాదు. మధ్యలో ఎత్తితే మళ్లీ వంచడానికి నడుముతో బేరమాడాల్సి వస్తుందని చెప్పేది.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తూర్పు తీరంలో ఒక్క పనితో ఎవరికీ ఏడాది గడవదు. ఆగస్టులో దువ్వెన లాంటి పనిముట్టుతో బ్లూబెర్రీలు దువ్వి కోయడం, నవంబరులో ఫర్ చెట్ల కొమ్మలు విరిచి క్రిస్మస్ దండలు కట్టడం, మిగతా కాలమంతా గుల్లలు తవ్వడం. ఎల్వా మూడూ చేసేది. కానీ ఎవరైనా ఏం చేస్తావని అడిగితే "గుల్లలు తవ్వుతాను" అని మాత్రమే చెప్పేది. పెళ్లి సంగతి అడిగితే, "చేసుకున్నాను. పాటు వేళకి ఎప్పుడూ ఇంట్లో ఉండటం లేదని అలిగి వెళ్లిపోయాడు. పాటు వేళలు మార్చడం నా చేతుల్లో లేదు కదా" అనేది.

ఆమె ఇల్లు గట్టు మీద. కింద హెన్ కోవ్. తల్లీ తండ్రీ తవ్విన పర్ర అది. చేయి పెడితే చాలు, గుల్ల తగిలే నేల. అలాంటి హెన్ కోవ్ ఒడ్డున రాష్ట్రం వాళ్లు మొదటిసారి నీళ్లు పరీక్షించి ఎర్రబోర్డు పాతి నాలుగేళ్లవుతోంది. నీళ్లలో మలినం ఉందనీ, ఇక్కడి గుల్లలు తింటే జబ్బు చేస్తుందనీ, తవ్వకూడదనీ దాని మీద రాసి ఉంది; పైన పెద్ద అక్షరాలతో 'మూసివేయబడినది'. ఇంటి ముందు అంత పర్ర పెట్టుకుని ఎల్వా పొద్దున్నే ట్రక్కు వేసుకుని ఊరి అవతల రాళ్ల పర్రకి పోయేది. అక్కడ పార పళ్లు వంకర పోవడమే తప్ప బుట్ట నిండేది కాదు. నడుం ఇంకా కొన్నేళ్లే పని చేస్తుందని ఆమెకి తెలుసు. ఆ కొన్నేళ్లూ రాళ్ల మధ్య గడిచిపోతాయేమోనన్నదే ఆమె బెంగ. పైకి మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆ తీరంలో ఏ ఊరి పర్రల బాగోగులు ఆ ఊరే చూసుకోవాలి. హెరిక్ పాయింట్‌లో గుల్లల కమిటీకి పెద్ద ఎల్వాయే. దోషులు ఎవరో కూడా ఆమె ఎప్పుడో తేల్చేసింది: జూన్‌లో వచ్చి సెప్టెంబరులో పోయే వేసవి జనం. ఒడ్డున పెద్ద పెద్ద ఇళ్లు, ఇంటికి నాలుగు బాత్రూములు. "ఇంత మంది అంత స్నానం చేస్తే ఏ సముద్రం తట్టుకుంటుంది?" అనేది.

ఒక ఏప్రిల్ పొద్దున ఎల్వా షెడ్డులో గుల్లలు ఒలుస్తుంటే, కొత్త రబ్బరు బూట్లు వేసుకున్న ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడింది.

"ఎవరమ్మా నువ్వు? పన్నుల వాళ్లా, దేవుడి వాళ్లా?"

"రెండూ కాదండీ. నీళ్ల వాళ్లం" అంది ఆ అమ్మాయి. పేరు కొలీన్ ఊలెట్. తీరం పొడుగునా నీళ్ల శుభ్రత చూసే ఒక స్వచ్ఛంద సంఘం తరఫున వచ్చింది. వాళ్లు ఊళ్లకీ, గుల్లలు తవ్వేవాళ్లకీ కలిపి ఒక ధ్రువపత్రం ఇస్తారు. అది వచ్చిన ఊరి గుల్లల సంచులకి నీలి కొంగ బొమ్మ ఉన్న బిళ్ల కడతారు. పెద్ద ఊళ్ల హోటళ్లవాళ్లు ఆ బిళ్ల చూసి మరీ అడుగుతున్నారట. ఊరు తన మురుగు తను సరిచేసుకోవాలి. తవ్వేవాళ్లు చిన్న గుల్లల్ని వదిలెయ్యాలి, పర్రలో మూడో వంతుని వంతులవారీగా తవ్వకుండా పడావు పెట్టాలి. ఊరూ తవ్వేవాళ్లూ ఇద్దరిలో ఒకరు ఒప్పుకుని ఇంకొకరు మానేస్తే బిళ్ల రాదు. ఒప్పుకుంటే మూసేసిన పర్రల నీళ్లని సంఘమే పరీక్షలు చేయించి, మళ్లీ చూడమని రాష్ట్రాన్ని అడుగుతుంది.

"బలవంతం ఉందా?" అంది ఎల్వా.

"లేదండీ."

"చట్టమా?"

"కాదండీ. ఇష్టమైతేనే."

"మరి చెయ్యకపోతే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. ఇప్పుడెలా ఉందో అలాగే ఉంటుంది."

ఎల్వా కత్తి కింద పెట్టి, కిటికీలోంచి ఎర్రబోర్డు వైపు చూసింది. "అదేగా మా భయం. కూర్చో. కాఫీ తాగుతావా?"

వారం తిరక్కుండా ఊరంతా తెలిసిపోయింది. కొట్లో కాఫీ గిన్నె దగ్గర రాస్కో డెనిసన్ ఆమె కోసమే కాచుకుని కూర్చున్నాడు. ఊరి పాలన చూసే బోర్డుకి పెద్ద అతను. ఎల్వాతో ఒకే బడిలో చదివాడు. అప్పటి నుంచీ ఆమెతో వాదనకి దిగని రోజు లేదు.

"ఎల్వా, మన గుల్లలకి పరీక్షలు పెడుతున్నావట. పాసైతే కాలేజీకి కూడా పంపిస్తావా ఏంటి?"

"నువ్వు ఎనిమిదో క్లాసులో తప్పిన లెక్కలు ముందు పాసవ్వు రాస్కో. గుల్లల చదువు తర్వాత చూద్దాం."

"మా తాత తిన్నాడు, మా నాన్న తిన్నాడు. ఏ బిళ్ల చూసి తిన్నారు వాళ్లు?"

"అప్పుడు ఎర్రబోర్డు కూడా లేదుగా" అని ఎల్వా తన కప్పు నింపుకుని వెళ్లిపోయింది.

తవ్వేవాళ్లని ఒప్పించడం ఆమెకి పెద్ద పని కాలేదు. కుర్రాళ్లందరూ ఎల్వా అత్త అని పిలిచేవాళ్లు. మొదట గొణిగారు, ఆమె చూడగానే ఊరుకున్నారు. కష్టమంతా ఇళ్ల దగ్గర వచ్చింది. మురుగు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడానికి కొలీన్ దగ్గర ఉన్న ఉపాయం ఒక్కటే. ఇంటి మరుగుదొడ్లో చిలకపచ్చ రంగు పోసి నీళ్లు వదలాలి. రంగు పర్ర మీద తేలితే ఆ ఇంటి మురుగు ట్యాంకు పాడైందన్నమాట. ఇది కూడా ఇష్టమైతేనే. ఆ ఊళ్లో సంపాదన ఎంతని అడిగినా చెప్తారు గానీ, బాత్రూములోకి పరాయి మనిషిని రానిస్తారా?

ఎల్వా ముందు తన ఇంట్లోనే పోయించుకుంది. పాటుకి కుర్రాళ్లు ఒడ్డున వరసగా నిలబడి చూశారు. ఏమీ తేలలేదు. అది చూపించి ఇంటింటికీ తిరిగింది. "నాది ఊరంతా చూశారు. నీదేమన్నా బంగారమా?" అంటే ఎవరూ కాదనలేకపోయారు. వేసవి జనానికి ఫోన్లు చేసింది. వాళ్లు కాదంటారనీ, అప్పుడు నాలుగు మాటలతో కడిగేయొచ్చనీ సిద్ధపడే చేసింది. ఒక్కరు కూడా కాదనలేదు. పైగా ధన్యవాదాలు చెప్పారు. ఆ పెద్ద ఇళ్లలో ఏ ఒక్కదాని నుంచీ రంగు బయటికి రాలేదు. ట్యాంకులన్నీ కొత్తవి, మంచివి.

ఊరికి ఇది పెద్ద అవమానమే అయింది. నాలుగేళ్లుగా తిట్టుకుంటున్న వాళ్లలో తప్పు లేదంటే ఇక ఎవరిని తిట్టాలి?

అక్టోబరులో గ్రేంజ్ హాల్లో శనివారం బీన్స్ విందు జరిగింది. వెనకటి రైతులు కట్టుకున్న హాలు అది. ఊరి సభ, పెళ్లి విందు, చావు విందు అన్నీ అక్కడే. బెల్లం పాకంలో రాత్రంతా ఉడికిన బీన్స్ గింజలు, ఉప్పు పంది మాంసం, ఎర్ర సాసేజీలు, బల్ల నిండా పళ్లు పెట్టి కాల్చిన పైలు. వంటింటి రాజ్యం బ్యూలా టిబెట్స్‌ది. ఎల్వాకి ప్రాణ స్నేహితురాలు. తోమే తొట్టి దగ్గర ఎల్వా స్థానం కూడా ఏళ్ల తరబడి మారలేదు.

రాస్కో ఖాళీ ప్లేటు తెచ్చి తొట్టిలో పెడుతూ అన్నాడు. "ఊళ్లో అందరి బాత్రూములూ చూసేశావు. ఇంక మిగిలింది ఈ హాలొక్కటే. దీన్నీ అనుమానించేస్తే నీ మనసు చల్లబడుతుంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎల్వా కూడా నవ్వింది. కోటు జేబులో మిగిలిపోయిన రంగు సీసా తీసి, అందరూ చూస్తుండగానే తొట్టిలో వంచేసింది.

"నా వంటింట్లో ఏం పోస్తున్నావే?" అని అరిచింది బ్యూలా.

"రాస్కో నోరు మూయించే మందు" అంది ఎల్వా. తర్వాత ఆ మాటే మర్చిపోయింది.

మర్నాడు పొద్దున కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడితే, హెన్ కోవ్ మీద చిలకపచ్చ విసనకర్ర పరిచినట్టు ఉంది. హాలు వెనక పొదల్లోంచి వచ్చే చిన్న వాగు రాళ్ల మీదుగా పర్ర దాకా పచ్చగా మెరుస్తోంది. అక్కడ విచ్చుకుని, గుల్లలు ఎక్కువగా ఉండే చోటంతా పాకింది. ఎల్వా బూట్లు కూడా సరిగ్గా వేసుకోకుండా కిందికి దిగింది. చర్చికి వెళ్తున్న కార్లు ఒక్కొక్కటే ఆగాయి. రాస్కో కూడా దిగాడు, ఆదివారం కోటుతో.

"వాన నీళ్లయ్యుంటాయి" అన్నాడు చివరికి.

"చిలకపచ్చ వాన ఎప్పుడు పడింది రాస్కో?"

ఎవరూ నవ్వలేదు. ఎల్వాకీ నవ్వు రాలేదు. ఇల్లిల్లూ తిరిగింది, ఊరి చివర పాడుబడ్డ పడవల షెడ్డు కూడా వదల్లేదు. హాలు మాత్రం ఆమెకి తట్టలేదు. ఎవరికీ తట్టలేదు. ఇళ్లకైతే ఒక్కొక్కదానికి ఒక్కొక్క యజమాని ఉంటాడు, అనుమానించడానికి మనిషి దొరుకుతాడు. హాలు అందరిదీ. అందరూ కలిసి అన్నం తినే చోటిని అనుమానించడమంటే ఎవరికి మనసొప్పుతుంది? వెనకటి పెద్దవాళ్లు ట్యాంకు లేకుండానే హాలు మురుగు గొట్టాన్ని తిన్నగా వాగులోకి పాతేశారు. పాతిన వాళ్లలో ఎల్వా తాత కూడా ఉన్నాడు. పైన ఉన్న హాలు ఆ గొట్టం మీద ఆనాటి నుంచీ అలాగే నడుస్తోంది.

ఆమె ఆ పూటే బ్యూలా ఇంటికి వెళ్లి విషయం చెప్పింది.

"నా బీన్స్ విందు ఆపమంటావా?" అంది బ్యూలా.

"విందు కాదే. తొట్టి."

"తొట్టి లేకుండా విందేంటి?"

రెండు వారాలు ఇద్దరికీ మాటల్లేవు. మూడో వారం బ్యూలా వేడి బీన్స్ కుండతో వచ్చి, గుమ్మంలోనే నిలబడి అడిగింది. "నేను ఇన్నేళ్లూ ఊరందరి ఎంగిలి ప్లేట్లూ కడిగి, ఆ నీళ్లు నీ గుల్లల మీద పోశానా?"

"కడిగింది నేను. నువ్వు బీన్స్ వండావు."

"మళ్లీ దాంట్లో కూడా నీదే పైచెయ్యి కావాలి" అని బ్యూలా లోపలికి వచ్చింది.

ఇంక మార్చిలో జరిగే ఊరి సభ మిగిలింది. ధ్రువపత్రం కావాలంటే, హాలుకి కొత్త ట్యాంకు కట్టించి ఊరి మురుగు బాధ్యత ఒప్పుకుంటామని ఊరు చెయ్యెత్తాలి. రాస్కో తల అడ్డంగా ఊపలేదు, అంతకంటే తెలివైన పని చేశాడు. ఆ అంశాన్ని జాబితాలో ఆఖరున పెట్టించాడు. సభ పొద్దున మొదలైతే సాయంత్రం దాకా సాగుతుంది. మంచు ఎత్తే బండికి టైర్ల గురించే గంటసేపు కొట్టుకుంటారు. ఆఖరి అంశం వచ్చేసరికి సగం మంది ఇళ్లకి పోయి ఉంటారు, మిగిలినవాళ్లు వచ్చే ఏడాది చూద్దామంటారు. హాలు తప్పు హాల్లోనే కూర్చుని ఒప్పుకోవడం చాలామందికి మింగుడు పడటం లేదు. అది వాళ్ల తాతల్ని తప్పు పట్టడంలా ఉంది.

సభ రోజు పొద్దున జనం బురద బూట్లు గుమ్మంలో దులుపుకుంటూ వచ్చేసరికి హాల్లో రెండు మరుగుదొడ్ల తలుపులకీ, వంటింటి తలుపుకీ తాళాలు వేలాడుతున్నాయి. ఒక్కో తలుపు మీదా ఒక్కో ఎర్ర అట్ట: 'మూసివేయబడినది'. అక్షరాలు ఎల్వావి. ఒడ్డున ఉన్న ఎర్రబోర్డు మీది పెద్ద మాటే, పొల్లు పోకుండా దించింది. వంటింటి ముందు బ్యూలా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"కాఫీ ఏది బ్యూలా?" అన్నాడు రాస్కో.

"కాఫీ ఇస్తే తర్వాత ఎక్కడికి పోతావు?"

"ఇది దౌర్జన్యం ఎల్వా" అన్నాడతను, హాలంతా వినేలా.

"దౌర్జన్యం ఏముంది? నా ఇల్లు రోడ్డు దాటితే వస్తుంది. తలుపు తీసే ఉంచాను. నా ట్యాంకు సంగతి మీ అందరికీ తెలుసు. ఎవరికి అవసరమైతే వాళ్లు రండి. సబ్బు కూడా కొత్తది పెట్టాను."

సభ మొదలైంది. రోడ్ల పద్దు దగ్గర మొదటివాళ్లు లేచారు. టైర్ల దగ్గరికి వచ్చేసరికి ఎల్వా ఇంటి మెట్ల మీద జనం వరస కట్టారు. గట్టు మీద చలిగాలి. వరసలో నిలబడ్డవాళ్లకి కింద చూడ్డానికి హెన్ కోవ్ తప్ప ఇంకేమీ లేదు. అంత పర్ర, ఒక్క మనిషి జాడ లేకుండా, ఒడ్డున ఆ ఎర్రబోర్డుతో. రోజూ కారులోంచి చూసీ చూడకుండా పోయే చోటు. తిరిగొచ్చిన వాళ్లు తమ కుర్చీల్లో కూర్చున్నారు. "ఎల్వా వంటింట్లో డోనట్లు కూడా ఉన్నాయి" అని మాత్రం పక్కవాళ్లకి చెప్పారు.

రాస్కో కదల్లేదు. ఇంటి దగ్గర పొద్దున్నే రెండు కప్పులు తాగి వచ్చాడని అతని భార్యే అందరికీ చెప్పింది. కాలు మీద కాలు వేశాడు. తీశాడు. మళ్లీ వేశాడు.

"వెళ్లు రాస్కో, మొహమాటమెందుకు?" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు.

"నేను బాగానే ఉన్నాను."

భోజనం వేళకి ఒక ముసలాయన లేచి, ఆఖరి అంశాన్ని ముందుకి తెమ్మని అడిగాడు. అది తేలితే గానీ తనకి కాఫీ దొరకదని కారణం కూడా చెప్పాడు. సభ నడిపే ఆయన అడిగితే చేతులు వరసగా లేచాయి. ఎల్వాని మాట్లాడమన్నారు. ఆమె లేచి, కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. అంతసేపు నిటారుగా నిలబడటం ఆమెకి అలవాటు లేదు.

"మా తాత పాతిన గొట్టం అది. ఆయనకి తెలిసింది ఆయన చేశాడు. మనకి తెలిసింది మనం చెయ్యాలి. నేను నాలుగేళ్లు వేసవి వాళ్లని తిట్టాను. వాళ్లందరికీ క్షమాపణ చెప్తూ కార్డులు పంపాను. ఒకావిడ వచ్చే వేసవికి భోజనానికి రమ్మంది, ఆ ఖర్మ కూడా అనుభవిస్తాను. ఈ మూడు తలుపులు పొద్దున్నుంచీ మూస్తే మీకింత ఇబ్బందిగా ఉంది. నా తలుపు మూసి నాలుగేళ్లయింది. అంతే."

కూర్చుంది. రాస్కో లేచాడు. అందరూ అతను వాదిస్తాడనుకున్నారు.

"చర్చ చాలు. ఓటుకి పెట్టండి" అన్నాడు బొంగురు గొంతుతో. "త్వరగా."

హాలు పగలబడి నవ్వింది. నవ్వుతూనే చేతులు లేచాయి. వ్యతిరేకంగా లేచినవి రెండో మూడో. రాస్కో చెయ్యి ఎటు లేచిందో చూసేలోపే అతను కోటు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి, ఎల్వా మెట్లెక్కుతున్నాడు. వచ్చినవాళ్లకి దారి చూపుతూ గుమ్మంలో ఉన్న కొలీన్‌తో "ఇది ఓటుకి సంబంధించింది కాదమ్మాయ్" అని చెప్పి మరీ లోపలికి వెళ్లాడట.

ఆ వసంతమంతా హాలు మూతపడింది. బీన్స్ విందులు ఫైరింజన్ల షెడ్డులో జరిగాయి. బ్యూలా కుండలు ఇంటి నుంచి మోసుకొచ్చి, ఎంగిలి ప్లేట్లు ఇంటికే మోసుకుపోయేది. ట్యాంకు గొయ్యి తవ్వే యంత్రం దగ్గర రాస్కో రోజూ నిలబడి, దాన్ని తనే కనిపెట్టినట్టు అందరికీ వివరించేవాడు. వేసవి దాటింది. నీళ్ల పరీక్షలు ఒకదాని తర్వాత ఒకటి మంచిగా వచ్చాయి. ఆకులు రంగు మారే రోజుల్లో రాష్ట్రం మనిషి వచ్చి ఎర్రబోర్డు పీక్కుని ట్రక్కులో వేసుకుపోయాడు. వెనకాలే నీలి కొంగ బిళ్లల పెట్టె వచ్చింది.

పడావు పెట్టాల్సిన మూడో వంతు ఏదో కమిటీ తేల్చాలి. వాగు నోటి దగ్గర ఉన్నదే పెట్టాలని ఎల్వా పట్టుబట్టింది. అన్నిటికంటే దెబ్బ తిన్నది అదేననీ, దానికి రెండు శీతాకాలాలైనా విశ్రాంతి కావాలనీ చెప్పింది. అన్నిటికంటే గుల్లలు ఉన్నదీ అదే. ఆమె తల్లీ తండ్రీ తవ్విందీ అక్కడే.

తెరిచిన రోజు పాటుకి అందరూ ఒడ్డున ఆగి ఆమెని ముందు దిగమన్నారు. ఎల్వా గుర్తుకర్రలు పాతిన ఆ మేలిమి చోటుని చుట్టి, అవతల మామూలు బురదలోకి నడిచింది.

"ఎల్వా అత్తా, ఒక్క బుట్ట ఇక్కడ తీసుకో. నీకు ఎవరడ్డం చెప్తారు?" అన్నాడొక కుర్రాడు.

"నేనే చెప్తాను. కమిటీకి పెద్దని" అని వంగింది. మళ్లీ నడుం ఎత్తేసరికి పోటు వచ్చింది. బుట్టలు నిండాయి. ఆ ఏడాదీ, ఆ పై ఏడాదీ ఆమె హెన్ కోవ్‌లోనే తవ్వింది. రాళ్ల పర్ర వైపు ట్రక్కు మళ్లీ పోలేదు.

రెండో శీతాకాలం ఆఖరున, మంచు ఇంకా కరగకముందే, ఎల్వా నిద్రలోనే పోయింది. వాగు నోటి దగ్గర పర్ర తెరవడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి. చావు విందు హాల్లోనే జరిగింది. బ్యూలా తొట్టి దగ్గర ఎవరినీ నిలబడనివ్వలేదు, ప్లేట్లన్నీ తనే తోమింది.

పర్ర తెరిచే రోజు కుర్రాళ్లు ఒడ్డున నిలబడి, ఎల్వా అత్త జ్ఞాపకంగా ఆ చోటుని ఇంకో ఏడాది అలాగే వదిలేద్దామా అని మాట్లాడుకున్నారు. కొందరు టోపీలు కూడా తీశారు. రాస్కో కారు దిగి వచ్చాడు. ఎల్వా పోయాక కొట్లో అతని గొంతు పెద్దగా వినిపించడం మానేసింది. ఆ రోజు మాత్రం వినిపించింది.

"పడావు పెట్టింది గుల్లలు పెరగడానికి, ఏడవడానికి కాదు. గడువు అయిపోయింది. ఆవిడుంటే ఈపాటికి మొదటి బుట్ట నింపేసేది. దిగండి."

దిగారు. మొదటి పార తిరగేయగానే బురద కింద గుల్లలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ, అరచేయంత పెద్దవి, కిక్కిరిసి ఉన్నాయి. చిన్నవి మళ్లీ బురదలో పెట్టి, పెద్దవి బుట్టల్లో వేసుకున్నారు. పోటు వచ్చేదాకా ఎవరూ నడుం ఎత్తలేదు.